చెవికోత పెట్టిన కార్డులు

కార్డుల సారు చనిపోయిన సంగతి నాకు ఉత్తరం వల్ల తెలియలేదు, పేపరు వల్ల తెలియలేదు. మహబూబ్‌నగర్ బస్సు కండక్టరు చెప్పాడు. చుట్టాన్నొకరిని బస్సెక్కించడానికి నల్లగొండ బస్టాండులో నిలబడి ఉంటే, ఆయన దిగి నా దగ్గరికి వచ్చి భుజానికున్న తోలు సంచి సర్దుకున్నాడు. "సార్, మన కార్డుల సారు పోయిండు. దవాఖాన దాంక గూడ తీస్కపోనియ్యలేదట. కోస్గి బస్సు డ్రైవరు చెప్పిండు" అన్నాడు. తర్వాత ఆయనే, "ఇగ ఆ పుస్తకాల సంచి రాదు గద సార్" అన్నాడు. ఆ సంచి రావడం ఆగిపోయి చాలా కాలమైంది. ఆ మాట ఇద్దరికీ తెలుసు. అయినా ఆయన అన్నాడు, నేను తల ఊపాను.

ఇది చదివేవాళ్ళలో ఆయనను ఎరిగినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. ఆయన మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీ లైబ్రేరియన్. నేను నల్లగొండలో మరో కాలేజీ లైబ్రేరియన్ని. రెండు కాలేజీలూ ఒకే విశ్వవిద్యాలయం కిందివి. నందికొండలో ఆనకట్ట కట్టే ఇంజనీర్ల కోసం ఇంకో లైబ్రరీ ఉండేది. మూడు చోట్లా ఒకటే కథ, పుస్తకాలు కొన్ని, అడిగేవాళ్ళు ఎందరో. మా దగ్గర లేని పుస్తకం అక్కడ దుమ్ము పట్టి ఉండేది, అక్కడ లేనిది మా దగ్గర పురుగులకు మేతయ్యేది. ఎవరి దగ్గర ఏముందో ఎవరికీ తెలియదు.

ఆయన గొర్లు కాసే ఇంటినుంచి చదువుకుని వచ్చిన మనిషి. కాలేజీలో కూడా భుజాన గొంగడి ఉండేది. మొదటిసారి మా లైబ్రరీకి వచ్చిన రోజున దాన్ని మడిచి నేల మీద వేసుకుని కూర్చుని, నేను కుర్చీ చూపిస్తే వద్దన్నాడు.

"తమ్మీ, మా దిక్కు కరువొస్తె మూడిండ్లు గలిసి మంద కలుపుతరు" అన్నాడు. "ఒక్కొక్కరి గొర్లకు ఒక్కొక్క తీరుగ చెవి కోస్తరు. ఒకరిది కుడి చెవి, ఒకరిది ఎడమ చెవి, ఒకరిది చెవి కొస. ఇగ ఫికర్ లేదు. ఎంత కలిసినా ఎవలయి వాళ్ళకు ఎరుకే. మనం గూడ గట్ల కలుపుదాం."

ఆయన పథకం ఇదీ. మూడు లైబ్రరీల్లో ఎక్కడ ఏ పుస్తకం ఉన్నా, దానికి మూడు కార్డులు రాయాలి. మూడు చోట్లా ఒకేలాంటి బీరువా, అందులో ఒకే వరుసలో ఒకే కార్డులు. నల్లగొండ కుర్రవాడు మా సొరుగు లాగితే నందికొండలో ఉన్న పుస్తకం కూడా కనిపించాలి. ఏ కార్డు ఎవరి పుస్తకానిదో తెలియడానికి పైఅంచున ఒక చిన్న కోత. మహబూబ్‌నగర్‌కు ఎడమవైపు, మాకు మధ్యలో, నందికొండకు కుడివైపు. కోతలు పెట్టడానికి కండక్టరు తన పాత పంచ్ ఇచ్చాడు, టికెట్లకు చిల్లు కొట్టేది. పుస్తకాల సంచి మోసింది కూడా ఆయన బస్సే. జడ్చర్లలో టీ తాగడానికి ఆగినప్పుడు సంచిని పక్కన పెట్టుకుని కూర్చునేవాడట, ఎవరైనా అడిగితే "ఇది కాలేజి పిల్లల అన్నం" అనేవాడట. నందికొండ పుస్తకాలు మాత్రం దేవరకొండలో బస్సు మారేవి.

చెప్పడానికి ఇంతే. నడపడం వేరే సంగతి. ఒక పుస్తకం చిరిగిపోతే మూడు చోట్ల దిద్దాలి. ఒకటి పోతే మూడు చోట్ల తీయాలి. నేను ఒకసారి కొత్త కార్డులు నందికొండకు పంపడం ఆలస్యం చేస్తే ఆయన కోప్పడలేదు కానీ, "ఒక్కతాన తప్పు రాస్తె మూడు తాన్ల అబద్ధమయితది తమ్మీ" అన్నాడు. నెలకొకసారి బస్సెక్కి మా ఇద్దరి బీరువాలూ చూసిపోయేవాడు. గుడ్డలో జొన్నరొట్టె, ఉల్లిగడ్డ. తిన్నాక చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కునేవాడు, అప్పుడుగానీ సొరుగు ముట్టుకునేవాడు కాదు. కార్డు ఒకటి కనిపించకపోతే నాలుకతో టక్కుమని శబ్దం చేసేవాడు, తప్పిపోయిన గొర్రెను పిలిచినట్టు. అది వస్తుందని నిజంగానే అనుకునేవాడేమో అనిపించేది. దొరికిన రోజులు కూడా ఉన్నాయి మరి.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. సొరుగు లాగి, కార్డుల పైఅంచు మీద బొటనవేలితో ఈ చివరినుంచి ఆ చివరిదాకా నిమురుతూ పోయేవాడు. మూడు రకాల కోతలు కలిసి ఉండడం వల్ల వేలు ఎక్కడికక్కడ తట్టుకుని ఆగేది. "గిట్ల గరుకుగ తాకితెనే నాకు నిమ్మళం" అనేవాడు. "కలిసున్నయని ఎరుకయితది."

మంచి రోజులు లేకపోలేదు. వాటిని దాచితే పాపం. మా కుర్రవాళ్ళు నందికొండ పుస్తకాలు చదివి పరీక్షలు రాశారు. నందికొండలో కాంక్రీటు పని చేయించే ఓవర్సియర్లు మా దగ్గరి నవలలు తెప్పించుకుని చదివారు. పుస్తకం తిరిగి వచ్చినప్పుడు పేజీల మధ్య సిమెంటు దుమ్ము ఉండేది, నేను దులపకుండా అట్లాగే పెట్టేవాణ్ణి. అప్పుడొకసారి, అంతా సవ్యంగా నడుస్తున్న కాలంలోనే, ఆయన రొట్టె తింటూ నవ్వుతూ ఒక సంగతి చెప్పాడు. అది హాస్యం అనుకుని నేనూ నవ్వాను.

"మా బాపు పోరడున్నప్పుడు మూడిండ్లు మంద కలిపిన్రట. మొదటి ఇంటోడు అనుకున్నడు, ఆ రెండిండ్లకు పొట్టేళ్ళున్నయి గద, నాదెందుకు, అని అమ్ముకున్నడు. రెండో ఇంటోడు గట్లనే. మూడో ఇంటోడు గట్లనే. ఒకరికొకరు చెప్పుకోలె. మంద మస్తుగ కనవడుతాంది, మేస్తాంది. ఏడాది తిరిగినంక సూస్తె ఒక్క గొర్రె ఈనలె."

"మరి ఏం చేశారు సార్?"

"ఏం జేస్తరు. మంద ఇరిచిన్రు. కలుపుడు వల్లనే గిట్లయిందని ఒకల్నొకలు తిట్టుకున్నరు." అని చేయి కడుక్కోవడానికి లేచాడు.

మాకూ అదే అయింది. మా ప్రిన్సిపాలు కొత్త పుస్తకాల జాబితా మీద సంతకం పెట్టడానికి ముందు నన్ను బీరువా చూసి రమ్మనడం మొదలుపెట్టాడు. మహబూబ్‌నగర్‌లో ఉంటే కొట్టేసేవాడు. "ఉన్నది గదనయ్యా, తెప్పించుకో" అనేవాడు. ఆయన చెడ్డవాడు కాదు, పొదుపు చేస్తున్నాననుకున్నాడు. అక్కడి ప్రిన్సిపాలు కూడా సార్‌తో అదే మాట అంటున్నాడని, నందికొండలో పెద్ద ఇంజనీరు అదే అంటున్నాడని నాకు అప్పుడు తెలియదు. బీరువా ఎంత బాగా ఉంటే కొనడం అంత తగ్గింది. మేం కార్డులు ఎంత శ్రద్ధగా రాస్తే అంత మా గొయ్యి మేమే తవ్వుకున్నాం.

బయటపడింది ఒక రసాయనశాస్త్ర పత్రిక దగ్గర. మూడు చోట్లా చందా కట్టి తెప్పించేవాళ్ళం, మూడు కార్డులూ బీరువాలో ఉన్నాయి. మా కెమిస్ట్రీ లెక్చరరుకు పరిశోధనకు సీటు వచ్చేలా ఉంది. ఇంటర్వ్యూకు ముందు ఆ ఏటి సంచికలు చదవాలని అడిగాడు. మా ప్రిన్సిపాలు ఆ ఏడు చందా ఆపేశాడు, అయినా నాకు దిగులు లేదు. చీటీ రాసి సంచిలో మహబూబ్‌నగర్ పంపాను. సార్ దాని కింద "మా వాళ్లు ఆపినారు, నందికొండ అడుగుతున్నాను" అని రాసి అటు పంపాడు. నందికొండ ఆయన "ఇక్కడ కూడా ఆపినారు, నల్లగొండలో ఉన్నది, కార్డు చూసుకోగలరు" అని రాసి సంచిలో వేశాడు. నా చీటీ నా దగ్గరికే తిరిగి వచ్చింది. ఈ లోపల ఇంటర్వ్యూ అయిపోయింది. ఆ లెక్చరరు నన్ను ఒక్క మాట అనలేదు. "మీరేం చేస్తారు లెండి" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మరుసటి బస్సుకు సార్ వచ్చాడు. చీటీ చేతిలోకి తీసుకుని చదివాడు, మళ్ళీ చదివాడు. గొంగడి పరచుకోలేదు, రొట్టె విప్పలేదు.

"పొట్టేలు లేని మంద" అన్నాడు. "చిన్నప్పటి సంది ఎరుకే నాకు. ఎరుకుండి గూడ గిదే చేసిన."

ఆ తర్వాత ఆయన ముగ్గురు పెద్దల చుట్టూ తిరిగాడు. ఎవరెవరు ఏం కొనాలో ముందే పంచుకుందాం, ఒకరు మానేసేముందు మిగతా ఇద్దరికీ చెప్పాలి, ఇంతే ఆయన అడిగింది. ముగ్గురూ కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ముగ్గురూ "మిగతావాళ్ళు ఒప్పుకుంటే మాదేముంది" అన్నారు. చివరికి తేలింది ఏమంటే, కొనడం ఆగిపోవడానికి కారణం ఉమ్మడి బీరువాయే కాబట్టి దాన్ని తీసేయాలి. తీసేశాక కొన్నారా అంటే, అదీ లేదు. అలవాటు తప్పిన చేయి మళ్ళీ సంతకం పెట్టడానికి రాలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరిమీద మండాలో తెలియక ఇంకా మండుతుంది.

మా సొరుగుల్లోంచి పరాయి కార్డులు తీసేయమని నాకు ఉత్తర్వు వచ్చింది. నా చేయి ఆడలేదు. ఆ సంగతి ఎట్లా తెలిసిందో సార్ వచ్చాడు. అప్పటికి తన బీరువా తను విడదీసి వచ్చాడు. "జరగు తమ్మీ, నా చేతులతోని కలిపిన, నేనే తీస్త" అని సబ్బుతో చేతులు కడుక్కుని కూర్చున్నాడు. గుత్తిని పట్టుకుని పైఅంచు చూస్తే చాలు, ఏవి ఎవరివో ఇట్టే తెలిసిపోతున్నాయి. ఏళ్ళ తరబడి రాసినవి మధ్యాహ్నంలోగా విడిపోయాయి. అంత తొందరగా అయిపోతుందని ఆయనా అనుకోలేదు.

"కలవడానికని కోసిన" అన్నాడు పంచ్ వేసిన అంచు చూపిస్తూ. "చెవి కోసేది ఇడదీసెటందుకే గద. మా బాపుకు ఎరుకే. నేనే చదువుకొని మరిచిన."

ఆ పూట ఆయన రొట్టె నాకు సగం పెట్టాడు. తినలేకపోయాను. ఆయన కూడా తినలేదు, గుడ్డలో మళ్ళీ కట్టుకుని బస్సెక్కాడు. నల్లగొండకు ఆయన మళ్ళీ రాలేదు. రిటైరై కోస్గి దగ్గర తన ఊరికి వెళ్ళిపోయాడు.

కండక్టరు చెప్పిన తర్వాత ఆ ఊరికి పోయి వచ్చాను. ఆయన భార్యను చూడడం అదే మొదటిసారి. ఇంట్లో ఒక్క పుస్తకం లేదు. అడగకుండానే ఆమె చెప్పింది. "చదువుకొమ్మంటె వద్దనెటోడు సార్. పొద్దుగూకంగ మంద వస్తది గద, గొర్లు ఎవలిండ్లకు అవి మర్లుతయి. అది సూడలేక లోపలికొచ్చి తలుపు దగ్గరేస్తుండె." ఆయన చేసింది వృథా పోలేదని చెప్పాలని నోటిదాకా వచ్చింది, అబద్ధం చెప్పలేక మింగాను.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నదంతా ఆ సొరుగు దగ్గర నేర్చుకున్నాను. దేన్నైనా ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవడం, ఒక తప్పు మూడు చోట్లకు పాకుతుందని భయపడడం. ఆ భయం మిగిలింది, భయపడడానికి బీరువా లేదు.

తిరిగి వచ్చిన మర్నాడు లైబ్రరీ తెరిచి, చేతులు సబ్బుతో కడుక్కుని, మొదటి సొరుగు లాగాను. అన్నీ మా కార్డులే, అన్నిటి కోతా ఒకే చోట, మధ్యలో. వరుసగా నిలబడి ఒక సన్నని కాలువలాగా అయ్యాయి. బొటనవేలు అందులో పెట్టి ఈ చివరినుంచి ఆ చివరిదాకా తోశాను. వేలు ఎక్కడా ఆగలేదు.