వామనరావు వెంబడించిన పొగ

గాలిలో ఏదైనా ఎగిరితే, అది ఎక్కడ వాలుతుందో చూడనిదే వామనరావు అడుగు ముందుకు వెయ్యడు. బావమరిది పెళ్ళిలో అందరూ అక్షింతలు వేసి దీవిస్తుంటే, ఈయన తను వేసిన గింజ పురోహితుడి చెవి వెనక చిక్కిందని కనిపెట్టి, దీవించడం మరిచిపోయాడు.

ఉద్యోగమూ అలాంటిదే దొరికింది. గోదావరిఖనిలో గనిలోని గాలి సంగతి చూసే ఇంజనీరు. సొరంగాల్లో గాలి పారే తీరును కంప్యూటర్లో గీసి, అందులోకి బొగ్గు రేణువులను వదిలి, ఏది ఏ క్షణాన ఎక్కడుందో వెంబడిస్తాడు.

అటువంటి మనిషి గని గేటు ముందు కూచుని, అక్కడి చాయ్ బండి బొగ్గు పొయ్యి పొగను వేలితో వెంబడిస్తుంటే, బండి నడిపే లస్మవ్వకు గుబులు పట్టుకుంది. ఆఫీసరు కన్ను పొగ మీద పడిందంటే బండి లేపేస్తారన్నమాటే. దగ్గుతూనే అడిగింది.

"ఏంది సారూ, చాయ్ చల్లారవట్టె. గా పొగల ఏం దేవులాడుతున్నవ్?"

"ఒక్క రేణువు వెంబడి పోతున్న అవ్వా. మాట్లాడియ్యకు, తప్పిపోతది."

"తప్పిపోతే ఇంకోటి వస్తది గద."

"అది వేరే రేణువు," అన్నాడు కొంచెం నొచ్చుకుని.

మర్నాడు టేపు తెచ్చి పొయ్యినీ, ఆమె పీటనీ, పైరేకునీ కొలిచాడు. ఆ పూట ఆయన చాయ్‌లో చక్కెర పడలేదు.

ఆ తర్వాత ఒకరోజు, షిఫ్టు దిగిన గని కార్మికుడు సంపత్, అతని జట్టు బండి చుట్టూ మూగినప్పుడు వామనరావు ల్యాప్‌టాప్‌తో వచ్చాడు.

"సంపతన్నా, కదలకు. నువ్విప్పుడు గోడవు."

"నేనా?"

"మీరు లేకుండ గీస్తే పొగంత గోదారి దిక్కు పోయింది. లెక్క తప్పింది. మీరు నిలవడితెనే అసలు సంగతి తెలుస్తది."

"గోడ చాయ్ తాగొచ్చునా సారూ?"

"మెల్లగ. మోచెయ్యి లేవొద్దు."

లస్మవ్వ ఇక ఉండబట్టలేకపోయింది. "బండి తియ్యమంటె తీస్త సారూ. గీ కొలతలెందుకు?"

వామనరావు తెర ఆమె వైపు తిప్పాడు. పొయ్యిలోంచి లేచిన ఎర్రచుక్కలు మనుషుల గోడకు తగిలి, వెనక్కి మళ్ళి, ఆమె పీట దగ్గర కుప్పపడుతున్నాయి.

"బండి ఎవలు తియ్యమన్నరవ్వా? నీ దగ్గు ఎక్కడ్నుంచి వస్తున్నదో చూస్తున్న."

ఆ సాయంత్రమే పీట ఇవతలికీ, పొయ్యి అవతలికీ మారాయి. సంపత్ ఒక రేకు అడ్డం కట్టాడు. లస్మవ్వ దగ్గు తగ్గుతూ వచ్చింది, వామనరావు చాయ్‌లో చక్కెర పెరుగుతూ వచ్చింది. పొగ మాత్రం రేకు మీదుగా మళ్ళి, నేరుగా ఆయన కూచునే బల్ల మీదికి దిగుతోంది.

"జర ఇటు జరుగు సారూ. కండ్లల్ల నీళ్ళు కారుతున్నయ్."

"ఎటో ఒక దిక్కు పోవాలె గద అవ్వా," అన్నాడాయన, ఆ నీళ్ళలోంచే వేలు పైకెత్తి ఒక రేణువును పట్టుకుని. "లెక్కల గీ బల్లకే పంపిన. చూడు, తప్పకుండ వచ్చింది."