గీత దాకా

బట్టల మిల్లు టీమ్‌లో ఫుల్‌బ్యాక్ ఆడిన కట్టయ్య, మోకాలు దెబ్బతిన్నాక వరంగల్ పిల్లలకు ఫుట్‌బాల్ కోచ్ అయ్యాడు. మెడలో విజిల్, పిక్కల మీద పాత బూటు గాట్లు. టీ కొట్టు దగ్గరైనా సరే, మోకాళ్లు కాస్త వంచి, ఎదుటివాడి కాళ్లనే చూస్తూ మాట్లాడతాడు. "బంతి తెచ్చెటోని మీద పడొద్దురా. ఎదురుంగ నిలబడి గీత దిక్కు తోలుకపో," అన్నదే ఆయన నేర్పే పాఠం.

ఎనభై మూడులో ఆయన ఆట నేర్పే మైదానంలో ఎగ్జిబిషన్ పెట్టాలని కాంట్రాక్టరు గుంజల లారీ పంపాడు. పిల్లలు ఆడుతుండగానే అది లోపలికొచ్చింది. కట్టయ్య దాని ముందు నిలబడ్డాడు. డ్రైవర్ జానీ మియా ఎటు తిప్పితే అటు, కుంటుతూ, వెనక్కి అడుగులేస్తూ అడ్డమొచ్చాడు. సందు మాత్రం మైదానం అంచున సున్నపు గీత వైపే వదిలాడు.

"కట్టన్నా, జర జరుగు! నా నౌకరీ పోతది!"

"జరుగుతనే ఉన్న గద భాయ్."

ఆ సందులోకే తిరిగి తిరిగి లారీ గీత దాటి బయటపడింది. "రేపు మళ్ల వస్తనన్నా," అన్నాడు జానీ మియా.

"రా. ఈడనే ఉంట."

కట్టయ్య విజిల్ ఊది, అప్పుడు లారీకి వీపు తిప్పాడు.

"అవుట్! త్రో మనది. ఆడుండ్రిరా!"