స్కాను చెప్పలేని సంగతి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, వానాకాలం మొదట్లో, కరీంనగర్‌లోని ఒక ఆసుపత్రి మానసిక వైద్య విభాగం నుంచి నన్ను ఒక పరిశోధన బృందానికి డిప్యుటేషన్ మీద పంపారు. నేను అప్పటికి సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. మందులు రాయడం డాక్టర్ల పని. రోగి ఇంటివాళ్లతో మాట్లాడి, ఆ జబ్బుతో వాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారో తెలుసుకోవడం మా పని.

ఎవరూ మాట్లాడకుండానే మాటలు వినపడటం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారని నమ్మడం వంటి లక్షణాలుండే జబ్బులను సైకోసిస్ అంటారు. వాటిలో మెదడులోని తెల్ల పదార్థం ఎలా ఉంటుంది, అందులో వంశపారంపర్యం పాత్ర ఎంత అన్నది మా పరిశోధన. మెదడులో ఒక భాగాన్ని మరో భాగంతో కలిపే నరాల పోగులే ఈ తెల్ల పదార్థం. వాటి మీదుండే కొవ్వు పొర వల్ల తెల్లగా కనిపిస్తుంది. ఎమ్మారై యంత్రం ఆ పోగుల్లో నీటి కదలికను కొలుస్తుంది. పోగులు కుదురుగా ఉంటే నీరు వాటి వెంటే సాగుతుంది, లేకపోతే పక్కలకూ చెదురుతుంది. జబ్బున్నవాళ్లను, వాళ్ల తోబుట్టువుల్లో జబ్బు లేనివాళ్లను, ఏ సంబంధమూ లేని ఆరోగ్యవంతులను పోల్చి చూడాలి. జన్యువుల పరీక్షకు రక్తం కూడా తీసుకోవాలి. తోబుట్టువులు దొరకడమే కష్టం. ‘మాకేం జబ్బు ఉన్నది?’ అని చాలామంది గడప దగ్గరే ఆపేసేవారు.

సామ్యేలుది మంథని దగ్గరి పల్లె, వరి సాగు చేసుకునే కుటుంబం. డిగ్రీ చదివే రోజుల్లో, చర్చి మైకులో పాస్టరు తన గురించే చెబుతున్నాడని అతనికి అనిపించడం మొదలైంది. ప్రార్థనలూ దర్గాలూ అయ్యాక వాళ్ల అమ్మ మరియమ్మ మా దగ్గరికి తీసుకొచ్చింది. మందులు పనిచేశాయి. ఈ పరిశోధన నాటికి అతను మోటారు వైండింగు షాపులో రోజూ పనికి పోతున్నాడు. చెల్లెలు రూతు హుజూరాబాద్‌లో ప్రైవేటు బడి టీచరు. ఫోన్ చేయగానే వస్తానంది. అంత తేలిగ్గా ఒప్పుకున్న తోబుట్టువును నేను అంతకుముందు చూడలేదు.

సమ్మతి పత్రం మీద సంతకానికి ముందు పరిశోధన వివరాలన్నీ వాళ్ల భాషలో చెప్పి, ప్రశ్నలకు జవాబివ్వడం నా విధి. సామ్యేలు సంతకం చేసి, రక్తం ఇవ్వడానికి పక్క గదిలోకి వెళ్లగానే రూతు గొంతు తగ్గించింది.

“మేడం, గీ స్కాన్ల నాకు గూడ వస్తదో రాదో తెలుస్తదా? పెండ్లయి నాలుగేండ్లాయె. పిల్లలు వద్దని నేనే ఆపుతున్న. ఎందుకో మా ఆయనకు చెప్పలే. రిపోర్టు మంచిగొస్తే కందామని.”

ఆమె అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందో అప్పుడు అర్థమైంది. నేను ఊరుకుంటే సంతకం అయిపోయేది. కానీ ఉన్నదున్నట్టు చెప్పాను. స్కాను గుంపుల మధ్య తేడాలను చూపగలదు, ఒక మనిషికి రేపేమవుతుందో చెప్పలేదు. ఒక్క జన్యువుతో వచ్చే జబ్బు కాదు ఇది. చాలా జన్యువులు తలా కొంచెం ప్రభావం చూపిస్తాయి, పెరిగిన తీరూ పడిన కష్టాలూ తోడవుతాయి. ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లకు ముప్పు కొంత ఎక్కువే, అయినా ఎక్కువమందికి రాదు.

“మరి నాకేం ఫాయిదా?” అంది.

“నీకు ఇప్పటికిప్పుడు ఏమీ లేదమ్మా,” అన్నాను.

ఆమె పెన్ను కింద పెట్టింది. తలెత్తేసరికి, మోచేతి మడతలో దూది అదుముకుని సామ్యేలు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“నా అసొంటోడు పుడ్తడని భయమా చెల్లె?”

“అట్ల గాదన్నా...”

“పుట్టనీ. నాకేమైందో ఎవ్వలకు తెల్వక ఇన్నేండ్లు ఆగమైన. నీ బిడ్డకైతే మేనమామ నేనుంట గద. జర తేడా కనవడ్డా నేనే గుర్తువడ్త, గప్పుడే దవఖానకు తోల్కస్త. గిప్పుడు నేను మంచిగ లేనా?”

రూతు సంచీ తీసుకుని లేచింది. ఆ రోజు సంతకం చేయకుండానే బస్సెక్కింది. పరిశోధన నడిపే డాక్టరు గారికి, అన్నాచెల్లెళ్ల జత ఒకటి చేజారిందని చెప్పాను. చెప్పాల్సిందే చెప్పారని ఆయన అన్నారు.

బతుకమ్మ పండుగ దాటాక ఆమె భర్తతో సహా వచ్చింది. అతనికి అంతా చెప్పేసిందట. “గింత దాన్ని మనసుల వెట్టుకొని పరేషానయింది మేడం,” అన్నాడతను. డాక్టరు గారు ఇద్దరినీ కూర్చోబెట్టి, తొలి లక్షణాలు ఎలా ఉంటాయో, గంజాయి వంటివి ముప్పును ఎంత పెంచుతాయో, వైద్యం త్వరగా మొదలైతే ఎంత మేలో ఓపిగ్గా వివరించారు. రూతు ఈసారి తనే పెన్ను అడిగింది.

“రిపోర్టు రాదని ఎరికే. తెలిసే చేస్తున్న.”

అన్నాచెల్లెళ్ల స్కాన్లు ఒకే రోజు పెట్టాం. యంత్రం పెద్దగా మోగుతుంది, భయపడవద్దని సామ్యేలుకు ముందే చెప్పాను. అతను నవ్వాడు. “లోపటి లొల్లి ఇన్నోనికి గీ బయటి లొల్లి ఏం లెక్క మేడం?”

విశ్లేషణ పూర్తికాక ముందే నేను రిటైరయ్యాను. రూతుకు ఆడపిల్ల పుట్టిందని తర్వాత సామ్యేలే ఫోన్ చేసి చెప్పాడు. అతను ఇప్పటికీ మందులు మానలేదు, పనీ మానలేదు.

వంశపారంపర్యం గురించి అడిగే మనిషి మనసులో, చాలాసార్లు, తేల్చుకోవలసిన నిర్ణయం ఒకటి ఉంటుందని ఆ ఇంటివాళ్ల వల్ల తెలుసుకున్నాను. ఆ నిర్ణయం మనం తీసుకోలేం. తెలిసినదెంతో, తెలియనిదెంతో సంతకానికి ముందే చెప్పాలి. అలా చెబితే కొందరు వెళ్లిపోతారు. తిరిగి వచ్చినవాళ్లు మాత్రం తెలిసి వస్తారు.