గోవర్ధన పంపుల కంపెనీ పోయినట్టా, ఉన్నట్టా?

సత్తెనపల్లిలో త్యాగరాజుగారి అరుగు మీదకి కాఫీ కంటే ముందు తిట్లు వచ్చేవి. మిరపతోటలకి మందు కొట్టే ఇత్తడి పంపులు చేసిన గోవర్ధన కంపెనీలో ఆయన ఫోర్‌మాన్. ఆ కంపెనీ మూతబడి పాతికేళ్లయింది. ఈమధ్య హైదరాబాదువాళ్లెవరో ఆ పేరొక్కటి కొనుక్కుని, ప్లాస్టిక్ బ్యాటరీ పంపుల మీద అంటించి, "1965 నుంచీ రైతు సేవలో" అని అచ్చేయించారు. పంపు కారితే రైతు ఎవర్ని పట్టుకోవాలి? కళ్లెదురుగా ఉన్నది ఈయనే.

"ఏందండీ త్యాగరాజుగారూ, ఇదేనా మీ పనితనం? వీపంతా మందే!" అంటూ పంపు దించాడు మిరప రైతు చెంచురామయ్య.

"అది మాది కాదయ్యా. మా కంపెనీ ఎప్పుడో పోయింది."

"పోవటమేంది? మా మనవరాలు భవ్య ఫోన్లో చూపించింది. ఆనాటి నుంచీ ఆగకుండా నడుస్తానే ఉందంట. రాసుందండీ!"

రాసి ఉన్నది, ఎవరైనా వచ్చి రాసిపోగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో. పాత కంపెనీ పేజీలోకి కొత్తవాళ్లు దూరి, మూతబడిన సంగతి చెరిపేసి, తమ సరుకు బొమ్మలు పెట్టుకున్నారు. ఇల్లు కొన్నవాడు గోడ మీది ఫోటోల్లో ఉన్నవాళ్లు కూడా మా తాతలే అన్నట్టుంది వరస. త్యాగరాజుగారికి ఒళ్లు మండిపోయింది. తన చేతి మీదుగా కారే పంపు ఒక్కటి కూడా బయటికి పోలేదని ఆయన గర్వం. ఆయన వెనకేసుకున్నదల్లా ఆ మంచిపేరే.

భార్య బాలత్రిపురసుందరి రిటైరైన సోషల్ టీచరు. తప్పు రాసినవాణ్ణి వదిలే మనిషి కాదు. పేజీని రెండుగా విడదీయాలని అక్కడి చర్చలోకి దిగింది: "తాత పేరు పెట్టుకున్నంత మాత్రాన మనవడు తాతైపోతాడా? తాత పెన్షన్ మనవడికి ఇస్తారా?"

ఆ పేజీలు చూసే నిర్వాహకుడెవరో జవాబిచ్చాడు: "పోలిక బాగుందండీ. ఆధారం ఏది?"

"మా ఆయనే ఆధారం" అని రాసిందావిడ. కుదరదన్నాడు. అచ్చులో ఉండాలట. ఇన్నేళ్ల కాపురంలో మొగుడు అచ్చులో లేకపోవటం ఆవిడకి మొదటిసారి లోటనిపించింది.

పట్టు వదలకుండా శాఖా గ్రంథాలయంలో పాత పేపర్ల కట్టలన్నీ దులిపి, తుమ్ముకుంటూ, కంపెనీ మూతపడిన వార్త పట్టుకుంది. నిర్వాహకుడు ఒప్పుకున్నాడు. పాతదానికొకటి, కొత్తదానికొకటి, రెండు పేజీలయ్యాయి.

"ఏమండీ, గెలిచాం! చూడండి" అని ఫోన్ చేతికిచ్చింది.

'గోవర్ధన కంపెనీ పంపులు తయారుచేసేది. ప్రస్తుతం లేదు' అని ఉంది. ఆయన అక్కడే ఆగిపోయాడు. తాము పోరి రాయించుకున్న మాటే. అయినా కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. ఎవరో ఒకరు మళ్లీ ఆ గేటు తీస్తారని తనలో ఒక పిచ్చి ఆశ ఉండేదని ఆయనకి అప్పుడే తెలిసింది.

సంగతి ఊరంతా పాకింది. తిట్లు రావటం మానేశాయి. తిట్లతోపాటు మనుషులూ మానేశారు. అరుగు మీద ఒక్కడే కూర్చుంటే ఆయనకి కాఫీ కూడా సహించలేదు. ఒకరోజు చెంచురామయ్య తలొంచుకుని వీధిన పోతుంటే ఉండబట్టలేక కేకేశాడు.

"ఏమయ్యా, ఆ పంపు ఇంకా కారుతోందా?"

"కారకేం చేస్తదండీ. మీది కాదని తెలీక నోరు జారాను, ఏమనుకోకండి."

"నాది కాదులే. ఇటు పట్రా, వాషర్ మారుస్తాను."