గట్టిపడని బ్యాచ్‌లు

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరకడం అదృష్టమనేవాళ్లు, చెరుకు బండ్ల దుమ్ములో ఆ కిటికీని మూయడానికి ఎన్నడూ ప్రయత్నించి ఉండరు. నేను ఏడాది ప్రయత్నించాను.

1971లో ఆ దారిలోని ఒక చిన్న రసాయనాల కార్ఖానాలో నన్ను కెమిస్టుగా వేశారు. ఫినాల్‌కు బ్యుటైల్ అనే పరమాణువుల గుంపును తగిలించి వార్నిష్ తయారుచేసేవాళ్లకు అమ్మడం మా పని. ఆ తగిలింపుకు అంతకుముందు గంధకామ్లం వాడేవారు, సరుకు నల్లబడేది. నేను వచ్చాక ఘనామ్లం తెప్పించాం. అంటే ఆవగింజలంత రెజిన్ గుళికలు. ఆమ్లం వాటినే అంటిపెట్టుకుని ఉంటుంది కనుక, వడగడితే సరుకు వేరు, గుళికలు వేరు.

ఫినాల్‌లో ఆరు మూలల వలయం ఉంటుంది; ఆ గుంపు ఆక్సిజన్ ఉన్న మూల పక్కన కూర్చుంటే ఆర్థో, ఎదురుగా కూర్చుంటే పారా. ముందు దగ్గరి చోటే చూసుకుంటుంది; మనుషులం, మనమూ అంతే కదా. గుళికల్లో ఆమ్లం బలంగా ఉండి, వేడి, వ్యవధి సరిపడా ఇస్తే దాన్ని లేపి ఎదురుకు పంపుతుంది. పారా చల్లారితే తెల్లగా గడ్డకడుతుంది. ఆర్థో నూనెలా ఉండిపోతుంది. కొనేవాళ్లకు గడ్డే కావాలి.

వరుసగా మూడు బ్యాచ్‌లు నూనెగానే ఉండిపోయాయి. మేనేజరుగారికి రసాయనాల కంటే మనుషుల మీద అనుమానం ఎక్కువ. ఆపరేటర్ సాయన్న వేడి సరిగా చూడటం లేదని తేల్చారు.

"ఇంకొక్క బ్యాచ్ చూస్త. గడ్డకట్టకుంటె సాయన్న రెంజల్ బస్సెక్కుడే," అన్నారు.

రెంజల్ సాయన్న ఊరు. అక్కడ ఆరుగురు అతని జీతం మీద బతుకుతున్నారు.

వేడి రాసిన చిట్టా చూశాను, తప్పు లేదు. ఫినాల్ పరీక్షించాను, శుభ్రం. మిగిలినవి గుళికలు. చివరి మంచి బ్యాచ్ తర్వాత ఏమేం చేశాడో వరుసగా చెప్పమని సాయన్నను అడిగాను.

"ఏం లేదు సార్. రెజిన్ బలం తగ్గితె రీజనరేషన్ చెయ్యాలని మీరు రాసిచ్చిన కాగితంల ఉండె. రెండు బకీట్ల ఉప్పునీళ్లు పోసిన."

"ఉప్పా?"

"షుగర్ ఫ్యాక్టరీల బాయిలర్ నీళ్ల రెజిన్‌కు పన్నెండేండ్లు గదే పోసిన సార్. కడిగిన నీళ్లు షాబాద్ బండ మీద బుసబుస పొంగినయ్. మురికి పోతున్నదనుకున్న."

నీళ్లలో సున్నం తీసే ఆ రెజిన్ వేరు, దానికి ఉప్పే సరి; ఇక్కడ పోయింది మురికి కాదు. ఉప్పులోని సోడియం గుళికల్లో చోటు పట్టి, ఆమ్లాన్ని మోరీలోకి సాగనంపింది. షాబాద్ బండ సున్నపురాయి, ఆమ్లం తగిలే పొంగింది. మిగిలిన అరకొర ఆమ్లం గుంపును తగిలించగలిగింది గానీ, ఎదురుకు జరపలేకపోయింది.

గుళికలకు పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పట్టించి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆరబెట్టి, ఆఖరి బ్యాచ్ ఎక్కించాం. సరుకు తొట్టిలో పోశాక ముగ్గురం చుట్టూ నిలబడ్డాం. పావుగంట వరకు నూనె నూనెగానే ఉంది. మేనేజరు గడియారం చూశారు. సాయన్న తడి లేని చేతులు తుడుచుకున్నాడు. అప్పుడు అంచున ఒక తెల్లని గీత పడింది, మెల్లగా మధ్యకు పాకింది.

మేనేజరు మెమో తయారుచేయమన్నారు: ఆపరేటర్ నిర్లక్ష్యం, ఈసారికి హెచ్చరిక. సంతకం నాది. రీజనరేషన్ దేనితో చేయాలో నా కాగితంలో లేదని కింద రాసి, అప్పుడు సంతకం పెట్టాను. ఆయన చదివి సొరుగులో వేశారు. ఆ సొరుగులోంచి కాగితం బయటికి వచ్చిన దాఖలా లేదు.

ఏ ఆమ్లం, ఎంత పలుచన, ఎన్నిసార్లు కడగాలి, అన్నీ కొత్త కాగితం మీద రాసి సాయన్నకు చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

"మీకు తెల్సింది మీరు రాయకుంటె, నాకు తెల్సింది నేను జేస్త గద సార్," అన్నాడు.