జమ్ము దాటిన గొట్టం

నా బీపీ మాత్రల మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. ఒట్టు ఎందుకంటే, నా మాటల్లో సగం తీసేసి వినడం మా ఆఫీసులో అలవాటు. చెరువులో మొసలి నన్ను పేరు పెట్టి పిలిచిందని ఒకసారి చెప్పాను, అందుకు.

కరోనా సద్దుమణిగిన ఏడాది, వేసవి చివర, నగరం అంచున కాడుగోడి పక్కనున్న ఒక చెరువుకు నన్ను నీటి పరీక్షల అధికారిగా వేశారు. స్వచ్ఛంద పదవీ విరమణకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. తెల్లవారుతుండగా గాజు సీసాలో నీళ్లు పట్టాలి. చేపలు పీల్చే ఆక్సిజన్ నీటిలో అప్పుడే అతి తక్కువగా ఉంటుంది. అక్కడికక్కడే రెండు రసాయనాలు కలిపితే, ఆక్సిజన్ ఉన్న నీటిలో గోధుమరంగు మడ్డి కడుతుంది. లేకపోతే తెల్లగా ఉంటుంది.

గట్టుకు ఒకవైపు అపార్టుమెంట్లు. సగం శుద్ధయిన వాటి మురుగు ఒక గొట్టంలోంచి చెరువు అంచున పెరిగిన జమ్ములోకి వచ్చేది. జమ్ము దాన్ని కొంత వడగట్టేది. ఆ జమ్ములోనే ఊదారంగు నీటికోళ్లు గూళ్లు కట్టాయి. అపార్టుమెంటు సంఘం కార్యదర్శి ప్రసన్నగారు, విజయవాడ నుంచి వచ్చి స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, వాటికి పేర్లు పెట్టి పిల్లలకు చూపించేవారు. మురుగుకు గుడ్లు పాడవుతాయని, సంఘం ఆ గొట్టాన్ని జమ్ము దాటించి చెరువు లోతులోకి పొడిగించింది. ఆ రోజు కేకు కోసి నాకూ ఒక ముక్క ఇచ్చారు.

ఇక మురుగంతా చేపల్లోకే పోతుంది కదా అన్నాను.

"సర్, నేచర్ చాలా పవర్‌ఫుల్. అంత పెద్ద లేక్ తనని తానే హీల్ చేసుకుంటుంది. బర్డ్సే పాపం" అన్నారావిడ.

వారం తిరక్కుండా సీసాలో మడ్డి పాలిపోయింది. సంఘానికి నోటీసు ఇవ్వాలంటే పై అధికారి సంతకం కావాలి; సంతకానికి వరుసగా మూడు చెడ్డ నమూనాలు కావాలి. ఫోన్ చేస్తే, "నీ సీసా కూడా నీలాగే కోతలు కోస్తోందేమో. ఇంకో రెండు పట్టవయ్యా" అన్నాడాయన.

చేపల గుత్త మునెప్పది. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఆ నీళ్లలోనే ఉంది. వెంటనే వల వెయ్యమన్నాను.

"గంగమ్మకు దీపం వదిలేదాంకా వల తడిపేదిలేదప్పా. శుక్రవారం ఉండాది పూజ."

ఆ పొద్దున పట్టిన రెండో సీసా చూపించాను. దాదాపు తెల్లగా ఉంది. కళ్లకద్దుకున్నాడు.

"పాల మాదిరి ఉండాదే! తల్లి చల్లగా ఉండానని చెప్తా ఉండాది. మీ ఆఫీసోళ్లు చెప్పినారులే, నీ మొసలి కథలు నాకొద్దు సామీ. తల్లి బిడ్డల్ని మింగుతాదా?"

గురువారమంతా మబ్బు. ఎండ లేకపోతే నీటిలోని పాచి ఆక్సిజన్ చెయ్యదు. శుక్రవారం తెల్లవారేసరికి చెరువంతా చేపల తెల్లటి పొట్టలు. నా సీసా సున్నంలా ఉంది. సంతకానికి చాలిన మూడో నమూనా అదే. మునెప్ప పూజ పళ్లెంతో గట్టు దిగి, నన్ను చూసి, "ఏమప్పా, నీ మొసలిని పిలువు, వచ్చి తినిపోనీ" అన్నాడు. నీటికోళ్లు క్షేమమేనా అని ప్రసన్నగారు ఫోన్లో సందేశం పెట్టారు. క్షేమమే.

ఆ పోస్టింగు నాకు నేర్పింది ఇది. చెరువు ఒకరికి తనంతట తాను కోలుకునే ప్రకృతి, ఒకరికి తల్లి, మా ఆఫీసుకు మూడు నమూనాలు. ప్రకృతైనా తల్లైనా ఎంతైనా భరిస్తుందనే అనుకున్నారు కాబట్టి ఎవరూ ఏదీ ఆపలేదు. నీటిలో ఏముందో కొలిచే పద్ధతి మాకుండేది; ఆ నీటిని మనుషులు ఏమనుకుంటున్నారో అడిగే పద్ధతి ఉండేది కాదు. నోటీసు కన్నా ముందు పనిచేసేది ఆ అనుకోవడమే.

ఇక ఒట్టు సంగతి. ఒక్క మాట కల్పించాను. ఆ శుక్రవారం మునెప్ప నన్నేమీ అనలేదు, నావైపు చూడనైనా లేదు. దీపం వెలిగించి, దాన్ని నీళ్లలోకి వదలడానికి చేపల మధ్య ఖాళీ కోసం వెతుకుతూ చాలాసేపు నిలబడ్డాడు.