తవ్వెడు మంచు

మబ్బుల్లో ఎంత మంచు ఉందో ఉపగ్రహం నుంచి కొలవడం నా ఉద్యోగం. నేల నుంచి ఎప్పుడూ సన్నటి మైక్రోవేవ్ కిరణాలు పైకి పోతుంటాయి. దారిలో మబ్బులోని మంచు వాటిని చెదరగొడుతుంది. పైకి చేరేది ఎంత తగ్గితే మంచు అంత ఎక్కువన్నమాట.

మొన్నటి ఎండాకాలం సెలవుకు ఆత్మకూరులోని మేనత్త ఇంటికి వెళ్లాను. వాకిలి నిండా మిర్చి ఆరబోసి ఉంది, జిల్లా మొత్తాన్ని వారం పాటు తుమ్మించేంత. అప్పుడే ఆఫీసు నుంచి నా ఫోన్‌కు వచ్చిన చిత్రంలో పక్కనే ఉన్న గద్వాల మీది మబ్బు హిమాలయాలను మింగి కూర్చున్నట్టుంది.

"అత్తా, రాళ్లవాన వచ్చేటట్టుంది. మిర్చి కప్పుదాం."

అత్త మిటమిటలాడే ఎండను చూసింది. "మబ్బేడుంది అల్లుడా? నీ ఫోన్ల పడ్తుందా ఏంది వాన?" అంటూనే టార్పాలిన్లు తెచ్చింది.

ఆఖరి మూల కప్పేసరికి రాళ్లు మొదలయ్యాయి. ఒక్కొక్కటి కొబ్బరికాయంత. సరే, రేగుపండంత.

చిన్నప్పుడు ఇదే వాకిట్లో పిల్లలమంతా రాళ్లు ఏరి, అత్త గింజలు కొలిచే తవ్వలో పోసి, ఎవరివి ఎక్కువని కొట్టుకునేవాళ్లం. తగువు తేలేలోపే అవి కరిగిపోయేవి.

వాన వెలిశాక అత్త టార్పాలిన్ ఎత్తి చూసింది. మిర్చి తడవలేదు. ఆమె లోపలికి పోయి అదే తవ్వ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పైనుంచి కొలుస్తవంట గద. జర కిందుండి గూడ కొలువు."

తవ్వ నిండింది. కొట్టుకోవడానికి పక్కన ఎవరూ లేరు కనుక, తీరిగ్గా ఒక్కో రాయి నోట్లో వేసుకున్నాను.